బేస్ గిటార్‌లో ఇ స్ట్రింగ్ గట్టిగా, జి స్ట్రింగ్ చిన్నగా వస్తుంటే కంప్రెసర్‌తో ఎంతవరకు సరిచేయొచ్చు

మీరు రాసింది మొత్తం చదివాను బ్రదర్. చర్చిలో వాయిస్తున్నారు, జాజ్ బేస్ మోడల్, నాలుగు స్ట్రింగ్స్, పాసివ్, అన్నిటికన్నా లావుగా ఉండే ఇ స్ట్రింగ్ కొడితే గుమ్మని హాలంతా నిండిపోతోంది, అన్నిటికన్నా సన్నగా ఉండే జి స్ట్రింగ్ మీదకి వెళ్ళేసరికి నోట్ వినపడట్లేదు, అందుకని కంప్రెసర్ పెడల్ (గట్టిగా వచ్చే సౌండ్‌ని నొక్కి తేడాలు తగ్గించే పెట్టె) కొన్నారు, అది పెట్టాక జి ఇంకా తగ్గినట్టు అనిపిస్తోంది, పెడల్‌లో తేడా ఉందా సెట్టింగ్‌లో తేడా ఉందా అని అడిగారు. పెడల్ బాగానే ఉండి ఉంటుంది. మీకు జరుగుతున్నది చాలావరకు రిలీజ్ టైమ్ (నొక్కిన సౌండ్‌ని తిరిగి వదలడానికి కంప్రెసర్ తీసుకునే టైమ్) వల్ల, అదెలాగో వివరంగా చెప్తాను, కానీ దానికంటే ముందు కంప్రెసర్ అసలు ఏం చూస్తుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మీ గిటార్ నుంచి బయటికి వచ్చేది ఒక్క కేబుల్, నాలుగు స్ట్రింగ్స్ అందులో కలిసిపోయి ఒకే సిగ్నల్‌గా వస్తాయి. ఇప్పుడు మోగింది ఇ నా జి నా అన్నది కంప్రెసర్‌కి తెలియదు, దానికి తెలిసేది లెవెల్ ఒక్కటే. మెల్లగా కొట్టిన ఇ, గట్టిగా కొట్టిన జి రెండూ ఒకే లెవెల్‌లో వస్తే రెండిటికీ ఒకే రకంగా చేస్తుంది. కాబట్టి స్ట్రింగ్స్ మధ్య తేడా తగ్గించమని దాన్ని అడిగితే, దాంతోపాటు మీ చేతి డైనమిక్స్ కూడా అంతే తగ్గిస్తుంది, ఒకటి లేకుండా ఇంకోటి రాదు.

లెక్కలో చూడండి. జి స్ట్రింగ్ మామూలుగా కొడితే మైనస్ 18 డిబి (డెసిబెల్, సౌండ్ లెవెల్ కొలత) వస్తోంది, ఇ స్ట్రింగ్ మైనస్ 10 వస్తోంది అనుకుందాం, అంటే తేడా 8 డిబి. థ్రెషోల్డ్, అంటే ఏ లెవెల్ దాటితే నొక్కాలో చెప్పే గీత, మైనస్ 18 దగ్గర, రేషియో 4:1, అంటే గీత దాటిన ప్రతి 4 డిబికీ 1 మాత్రమే బయటికి వదిలేలా, పెట్టారు. జి సరిగ్గా గీత మీదే ఉంది కాబట్టి దాన్ని ముట్టుకోదు, ఇ గీత పైన 8 ఉంది కాబట్టి అది 2 అవుతుంది. ఎనిమిది ఉన్న తేడా రెండుకి వచ్చింది, చాలా బాగుంది. ఇక్కడితో ఆగకుండా చాలామంది ఇంకా సమానంగా రావాలని థ్రెషోల్డ్‌ని మైనస్ 30కి దించేస్తారు. అప్పుడు జి గీత పైన 12 ఉంటుంది, అది 3 అవుతుంది, ఇ గీత పైన 20 ఉంటుంది, అది 5 అవుతుంది. తేడా ఎంత? మళ్ళీ అదే 2. స్ట్రింగ్స్ మధ్య బ్యాలెన్స్‌లో మీకు పైసా లాభం లేదు, కానీ ఇప్పుడు మీరు మెల్లగా కొట్టిన ప్రతి నోట్ కూడా నలిగిపోతోంది, తగ్గిన వాల్యూమ్ తిరిగి తెచ్చుకోవడానికి మేకప్ గెయిన్ 9 డిబి ఎక్కువ పెట్టాలి, దాంతో హమ్ము, హిస్సు, వేలు స్ట్రింగ్ మీద జారే చప్పుడు అన్నీ 9 డిబి పైకి వస్తాయి. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, థ్రెషోల్డ్ సెట్ చేసుకోవాల్సింది బలహీనంగా ఉన్న స్ట్రింగ్‌ని బట్టి. జి మీద మామూలు జోరుతో వాయిస్తూ గెయిన్ రిడక్షన్ లైటు (ఎంత నొక్కుతోందో చూపించేది) అప్పుడప్పుడు ఒకటి వెలిగీ వెలగకుండా ఉండేలా పెట్టి అక్కడితో ఆపండి, ఇ మీదకి వెళ్తే అదే 5, 6 డిబి చూపిస్తుంది, అది చాలు.

ఇప్పుడు మీ అసలు సమస్య. పై లెక్క అంతా నోట్ దేనికదే విడిగా మోగితే వచ్చే లెక్క, పాటలో అలా ఉండదు కదా, ఇ మీద రూట్ కొట్టి వెంటనే పైకెళ్ళి ఫిల్ (మధ్య ఖాళీలో వాయించే చిన్న ముక్క) వేస్తారు. ఇ గట్టిగా తగలగానే కంప్రెసర్ 6 డిబి కిందకి నొక్కుతుంది, నోట్ ఆగిపోయాక ఆ నొక్కిన చెయ్యి వెంటనే తియ్యదు, రిలీజ్ టైమ్ ఎంత పెడితే అంత నిదానంగా తీస్తుంది. పాట 120 బీపీఎమ్ అనుకోండి, ఎయిత్ నోట్స్ మధ్య దూరం 250 మిల్లీసెకన్లు. రిలీజ్ ఒక సెకను దగ్గర ఉంటే, మీరు జి స్ట్రింగ్ మీద నోట్ కొట్టే టైముకి ఇ కోసం తగ్గించిన వాల్యూమ్ ఇంకా చాలావరకు తగ్గే ఉంటుంది. అసలే చిన్నగా ఉన్న జి, పక్క స్ట్రింగ్ చేసిన దానికి ఇంకో మూడు నాలుగు డిబి తగ్గి బయటికొస్తుంది. మీరు విన్నది భ్రమ కాదు, నిజంగానే తగ్గింది.

దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పెడల్ ఆన్ చేసి, ఓపెన్ ఇ మీరు చర్చిలో కొట్టేంత గట్టిగా కొట్టి, కొద్దిసేపు మోగనిచ్చి ఎడమ చేత్తో మ్యూట్ చేసి, వెంటనే జి స్ట్రింగ్ తొమ్మిదో ఫ్రెట్‌లో ఇ నోట్ కొట్టండి. తర్వాత రెండు సెకన్లు పూర్తిగా ఆగి, అదే తొమ్మిదో ఫ్రెట్ నోట్ ఒక్కటే, అదే జోరుతో కొట్టండి. విడిగా కొట్టినది పెద్దగా, ఇ తర్వాత కొట్టినది చిన్నగా వినపడితే మీ రిలీజ్ పొడుగు ఎక్కువైనట్టే. నాబ్ కొంచెం కొంచెం తిప్పుతూ రెండూ ఒకేలా వినిపించేదాకా రిలీజ్ తగ్గించుకుంటూ రండి, లైట్లు ఉన్న పెడల్ అయితే రెండో నోట్ కొట్టేలోపు లైట్లన్నీ ఆరిపోతున్నాయా లేదా చూడండి. చాలా పాటలకి 100 నుంచి 150 మిల్లీసెకన్ల మధ్య ఎక్కడో కుదురుతుంది.

మరి బాగా తగ్గించేస్తే పోలా అంటే, దానికీ ఒక హద్దు ఉంది. ఓపెన్ ఇ 41 హెర్ట్జ్, అంటే ఒక్క సైకిల్ పూర్తవడానికే 24 మిల్లీసెకన్లు పడుతుంది. అటాక్ (నోట్ తగిలాక నొక్కడానికి కంప్రెసర్ తీసుకునే టైమ్), రిలీజ్ రెండూ దానికంటే తక్కువైపోతే కంప్రెసర్ నోట్ వాల్యూమ్‌ని వదిలేసి ఆ అల ఆకారాన్నే పైకీ కిందకీ లాగడం మొదలుపెడుతుంది, గరగరమని డిస్టార్షన్ లాంటి సౌండ్ వస్తుంది, ముఖ్యంగా ఇ స్ట్రింగ్ కింది ఫ్రెట్స్‌లో. గిటార్ కోసం చేసిన కంప్రెసర్ బేస్‌కి పెడితే కొన్నిసార్లు ఈ గరగర వినపడేది ఇందుకే. అయిదు స్ట్రింగ్స్ బేస్‌లో లో బి 31 హెర్ట్జే కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మీ పెడల్ మోడల్ రాయలేదు. రెండే నాబ్స్ ఉండి అందులో రిలీజ్ లేకపోతే, 1970ల నుంచి వస్తున్న ఎంఎక్స్ఆర్ డైనా కాంప్‌లో అవుట్‌పుట్, సెన్సిటివిటీ రెండే ఉన్నట్టు, మీ చేతిలో ఉన్నది ఎంత నొక్కాలి అన్నది మాత్రమే, కాబట్టి తక్కువ నొక్కండి. ఎంఎక్స్ఆర్ ఎం87 లాంటి దానిలో అటాక్, రిలీజ్, రేషియో విడివిడిగా ఉంటాయి, గెయిన్ రిడక్షన్‌కి లైట్లు కూడా ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఆ లైట్లు చాలా ముఖ్యం అని నా గట్టి అభిప్రాయం, చెవి అలవాటు పడేదాకా 3 డిబి తగ్గితే ఎలా ఉంటుందో 10 తగ్గితే ఎలా ఉంటుందో కంటితో చూస్తేనే పట్టు దొరుకుతుంది. ఒక హెచ్చరిక, 1176 స్టూడియో కంప్రెసర్‌లోనూ దాన్ని చూసి చేసిన ప్లగిన్స్‌లోనూ అటాక్, రిలీజ్ నాబ్స్ తిరగేసి ఉంటాయి, 7 మీద పెడితే బాగా స్పీడు, 1 మీద పెడితే నిదానం, అది తెలీక తిప్పితే చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది.

అటాక్ సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు, 20 నుంచి 40 మిల్లీసెకన్ల మధ్య పెట్టండి. వేలు స్ట్రింగ్‌ని వదిలినప్పుడు వచ్చే ఆ టక్ అనే మొదటి ముక్క బయటికి వెళ్ళాలి, ఆ తర్వాత మిగతా నోట్‌ని నొక్కాలి. అటాక్ మరీ తక్కువ పెడితే మీటర్‌లో అన్నీ సమానంగా కనిపిస్తాయి కానీ డ్రమ్స్ మధ్యలో బేస్ మెత్తబడి ఎక్కడుందో దొరకదు.

ఇంతవరకు కంప్రెసర్ గురించి. కానీ మీరు చెప్పినంత తేడా ఉంటే నేనైతే ముందు స్క్రూడ్రైవర్ తీస్తాను, ఎందుకంటే ఆ తేడాలో చాలా భాగం గిటార్ మీదే పోవచ్చు, అది పోయాక కంప్రెసర్ చెయ్యాల్సిన పని బాగా తగ్గిపోతుంది, మీ డైనమిక్స్ కూడా మీకు మిగులుతాయి.

ట్యూన్ చేసుకుని, ఇ స్ట్రింగ్‌ని ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకోండి. అలా పట్టుకుని స్ట్రింగ్ అడుగు నుంచి పికప్ (స్ట్రింగ్స్ కింద ఉండి సౌండ్‌ని పట్టే భాగం) పైన కనపడే గుండ్రటి మాగ్నెట్ దాకా ఎంత ఉందో స్కేలుతో చూడండి, తర్వాత జి స్ట్రింగ్‌కి కూడా అలాగే. మొదలుపెట్టడానికి ఇ వైపు 3 మిల్లీమీటర్లు పైన, జి వైపు రెండున్నర దగ్గర ఉంటే సరి. మీ గిటార్‌లో బహుశా రెండు వైపులా ఒకే ఎత్తు ఉంటుంది, లేదా ఇ వైపే దగ్గరగా ఉంటుంది. జాజ్ పికప్‌కి రెండు చివర్లా స్క్రూలు ఉంటాయి, ఇ వైపు స్క్రూలు బిగిస్తే ఆ వైపు కిందకి దిగుతుంది, జి వైపువి వదులు చేస్తే కింద ఉన్న ఫోమ్ పైకి నెడుతుంది. ఒక్కసారికి అర చుట్టు మాత్రమే తిప్పండి, తిప్పిన ప్రతిసారీ నాలుగు స్ట్రింగ్సూ ఒకే జోరుతో వాయించి వినండి. పాత గిటార్ అయితే ఫోమ్ నలిగిపోయి స్క్రూ వదులు చేసినా పికప్ పైకి రాదు, అప్పుడు స్క్రూలు తీసి అడుగున కొత్త ఫోమ్ ముక్క పెట్టాలి. జి వైపు మరీ దగ్గరికి తెచ్చెయ్యకండి, మాగ్నెట్ స్ట్రింగ్‌ని లాగి పై ఫ్రెట్స్‌లో నోట్ వణికినట్టు వస్తుంది, శ్రుతి కూడా అటూ ఇటూ అవుతుంది. ప్రెసిషన్ మోడల్ ఉన్నవాళ్ళకి ఈ పని ఇంకా తేలిక, అందులో పికప్ రెండు ముక్కలు, ఇ-ఎ కి ఒకటి, డి-జి కి ఒకటి, వేటికవి విడిగా ఎత్తుకోవచ్చు.

స్క్రూ తిప్పేటప్పుడే ఇంకోటి చూడండి. జాజ్ పికప్‌లో ఒక్కో స్ట్రింగ్‌కి రెండు మాగ్నెట్లు ఉంటాయి, స్ట్రింగ్ ఆ రెండిటి మధ్యలోంచి వెళ్ళాలి. తక్కువ ధర గిటార్లలో నెక్ కొద్దిగా పక్కకి తిరిగి ఉండి జి స్ట్రింగ్ రెండో మాగ్నెట్ దాటి బయటికి వెళ్ళిపోతుంది, అలా ఉంటే ఎంత ఎత్తినా జి బలహీనంగానే ఉంటుంది. నెక్ బోల్ట్స్ కొద్దిగా వదులు చేసి సరిచేస్తే కుదురుతుంది, చేతకాకపోతే రిపేర్ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. స్ట్రింగ్స్ నాలుగూ ఒకే సెట్‌వేనా? తెగిన జి ఒక్కటి మార్చి మిగతా మూడూ ఏడాది పాతవి ఉంచితే బ్యాలెన్స్ ఎలాగూ ఉండదు. 45-65-85-105 మందాల సెట్ బదులు ఇ స్ట్రింగ్ 100 ఉన్న సెట్ వేసినా ఇ మీద ఆ గుమ్మనడం కాస్త తగ్గుతుంది.

చెయ్యి కూడా చూసుకోండి. బొటనవేలు ఎప్పుడూ పికప్ మీదే ఆనించి ఉంచితే ఇ, ఎ మీద వేళ్ళు మడిచి బలంగా లాగుతాం, జి కి వచ్చేసరికి వేళ్ళు పూర్తిగా చాచాలి, కొసతో గీరినట్టు తగులుతుంది. పైకి వెళ్ళేటప్పుడు బొటనవేలుని కూడా ఇ స్ట్రింగ్ మీదకో ఎ మీదకో జరుపుకుంటే వేళ్ళు నాలుగు స్ట్రింగ్స్ మీదా ఒకే కోణంలో పడతాయి, కింద స్ట్రింగ్స్ అనవసరంగా మోగకుండా కూడా ఉంటాయి. జి లాగాక వేలు డి మీదకి వచ్చి ఆగాలి. మెట్రోనోమ్ 60 మీద పెట్టి ఒక్కో స్ట్రింగ్‌కి నాలుగు నోట్స్, ఫోన్‌లో రికార్డ్ చేసి హెడ్‌ఫోన్స్‌లో వినండి, చూపుడు వేలికీ మధ్య వేలికీ మధ్య కూడా తేడా కనిపిస్తుంది.

హెడ్‌ఫోన్స్ అన్నాను, అది ఊరికే అనలేదు. మీరు రాసినదాంట్లో ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడు ఇ స్ట్రింగ్ ఒకటో ఫ్రెట్ దగ్గర మరీ ఎక్కువ గుమ్మంటుంది అన్నారు. మీ రూమ్ పొడవు 13 అడుగులు ఉందేమో కొలవండి. గోడకీ గోడకీ మధ్య సుమారు 4 మీటర్లు ఉంటే ఆ గది 43 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఇ స్ట్రింగ్ ఒకటో ఫ్రెట్‌లో ఎఫ్ నోట్ 43.6 హెర్ట్జ్. అంటే ఆ నోట్‌ని గట్టిగా చేస్తున్నది గది, గిటార్ కాదు, కేబుల్‌లో లేని సంగతి కంప్రెసర్ సరిచెయ్యలేదు. ఆంప్‌ని మూల నుంచి బయటికి జరిపి, కిందనుంచి ఎత్తి పెడితే ఎంతో కొంత తగ్గుతుంది. చర్చి హాల్లో అయితే ఈ నోట్ వేరే ఉంటుంది, కాబట్టి ఇంట్లో విని సెట్ చేసిన ఈక్యూ (టోన్ సర్దుబాటు) అక్కడ వాడకండి. దీనికి వ్యతిరేకంగా ఫోన్ స్పీకర్‌లో వింటే ఇ అసలు లేనట్టే ఉంటుంది, అంత చిన్న స్పీకర్ 41 హెర్ట్జ్ ఇవ్వలేదు. బ్యాలెన్స్ మంచి హెడ్‌ఫోన్స్‌లోనో, లేకపోతే మీటర్ చూసో తేల్చుకోండి.

జి స్ట్రింగ్ మొత్తం కాకుండా 5 నుంచి 7 ఫ్రెట్స్ మధ్య ఒక్క నోట్ మాత్రమే తొందరగా చచ్చిపోతుంటే అది డెడ్ స్పాట్, బోల్ట్ ఆన్ నెక్ (బోల్టులతో బిగించిన నెక్) ఉన్న బేస్‌లలో చాలా మామూలు. నెక్ ఆ నోట్ ఎనర్జీని లాగేసుకుంటుంది. దానికి కంప్రెసర్ కాస్త సస్టెయిన్ ఇస్తుంది తప్ప నయం చెయ్యదు, హెడ్‌స్టాక్‌కి బరువుండే క్లాంప్ పెడితే ఆ స్పాట్ పక్కకి జరుగుతుంది, లేదా అదే నోట్ డి స్ట్రింగ్ మీద 10 నుంచి 12 మధ్య వాయించండి.

ఇవన్నీ అయ్యాక మళ్ళీ పెడల్ దగ్గరికి రండి. ట్యూనర్ తర్వాత వెంటనే కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్ ఉంటే దాని ముందు. రేషియో 4:1, అటాక్ 30 దగ్గర, రిలీజ్ పైన చెప్పిన తొమ్మిదో ఫ్రెట్ టెస్ట్‌తో, థ్రెషోల్డ్ జి ని బట్టి. అవుట్‌పుట్ మాత్రం పెడల్ ఆన్ చేసినా ఆఫ్ చేసినా వాల్యూమ్ ఒకేలా ఉండేలా పెట్టుకోవాలి, ఇది చాలామంది వదిలేస్తారు, 2 డిబి పెద్దగా ఉంటే ఎవరి చెవికైనా అదే బాగున్నట్టు అనిపిస్తుంది, అప్పుడు కంప్రెసర్ మంచి చేసిందా చెడు చేసిందా తేలదు.

కొన్ని పెడల్స్‌లో, చాలా ప్లగిన్స్‌లో సైడ్‌చైన్ హైపాస్ అని ఉంటుంది, కంప్రెసర్ లోతైన సౌండ్‌ని పట్టించుకోకుండా చేసేది. పూర్తి మిక్స్ మీద అది మంచిదే, మీ పనికి మాత్రం ఆఫ్‌లో ఉంచండి. మీకు కావాల్సిందే ఇ స్ట్రింగ్ లోతుని చూసి అది స్పందించడం, ఆ లోతుని దానికి వినపడకుండా చేస్తే ఇ తప్పించుకుని జి నలుగుతుంది. మల్టీబ్యాండ్ కంప్రెసర్ (లోతు, మధ్య, పై సౌండ్‌లని విడివిడిగా నొక్కేది) కొనమని ఎవరైనా చెప్తే, 150 హెర్ట్జ్ కింద మాత్రమే నొక్కేలా పెట్టుకుంటే ఇ గుమ్మనడం చక్కగా అదుపులోకి వస్తుంది నిజమే, కానీ అదీ స్ట్రింగ్స్‌ని విడదియ్యదు, ఇ స్ట్రింగ్ అయిదో ఫ్రెట్, ఓపెన్ ఎ రెండూ 55 హెర్ట్జే కదా.

మీది జాజ్ మోడల్ కాబట్టి హమ్ము గురించి చెప్పాలి. రెండు పికప్ వాల్యూమ్‌లూ ఫుల్‌లో ఉన్నప్పుడు హమ్ము ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, నెక్ పికప్ కొంచెం తగ్గిస్తే ఇ గుమ్మనడం తగ్గుతుంది కానీ మన కరెంటు 50 హెర్ట్జ్ హమ్ము బయటపడుతుంది, మేకప్ గెయిన్ దాన్ని ఇంకా పైకి తెస్తుంది, వాక్యం చదివేటప్పుడో ప్రార్థన జరిగేటప్పుడో మీరు వాయించకుండా నిలబడితే హాలంతా జుమ్మని వినపడుతుంది. ఆ టైములో ట్యూనర్ పెడల్ తొక్కి మ్యూట్ చెయ్యండి.

రికార్డింగ్ అయితే దారి వేరు. తొందరపడి కంప్రెసర్ వెయ్యకుండా, ముందు ట్రాక్‌లో చిన్నగా ఉన్న నోట్స్‌ని కట్ చేసి క్లిప్ గెయిన్ (ఆ ముక్క ఒక్కదాని వాల్యూమ్) మూడు డిబి పెంచండి, పాట మొత్తానికి అరగంట పని, దాని తర్వాత వేసిన కంప్రెసర్ ఎంత తేలిగ్గా పనిచేస్తుందో మీకే తెలుస్తుంది. స్టూడియోల్లో బేస్ మీద ఎక్కువగా వేసేది ఒకదాని వెనక ఒకటి రెండు, 1176 టైపుది పైపైన దూకే నోట్స్ పట్టుకుంటుంది, తర్వాత ఎల్ఏ-2ఎ టైపుది మొత్తం లెవెల్ సర్దుతుంది. ఎల్ఏ-2ఎ లో లైట్ సెల్ ఉంటుంది, అది సగం రిలీజ్ 60 మిల్లీసెకన్లలోనే చేసి మిగతా సగం అర సెకను నుంచి అయిదు సెకన్ల దాకా మెల్లగా వదులుతుంది, అందుకే అంత సహజంగా ఉంటుంది. ముందున్నది ఇ ని కాస్త పట్టుకోకపోతే మాత్రం దీనిలోనూ ఆ మెల్లటి తోక ఫిల్స్ మీద పడుతుంది. ఒక్కొక్కటి 3 డిబి మించకుండా చూసుకోండి.

చివరగా మీ చర్చి సౌండ్ చూసే బ్రదర్‌తో ఒక్క మాట మాట్లాడండి. ఎక్స్32 లాంటి డిజిటల్ మిక్సర్‌లో ప్రతి చానల్‌కీ కంప్రెసర్ ఉంటుంది, బేస్ గుమ్మంటోందని ఆయన ఎప్పుడో అక్కడ ఒకటి ఆన్ చేసి ఉంటే మీ పెడల్ దాని మీద ఇంకోటి అవుతుంది, ఇ కొట్టగానే రెండూ కలిసి నొక్కుతాయి, మీరు ఇంట్లో రిలీజ్ ఎంత జాగ్రత్తగా పెట్టుకున్నా అక్కడి రిలీజ్ మళ్ళీ జి ని మింగేస్తుంది. సౌండ్ చెక్‌లో ఆయన్ని బేస్ చానల్ కంప్రెసర్ ఆఫ్ చెయ్యమని, హైపాస్ (దాని కింది సౌండ్‌ని కోసేసే ఫిల్టర్) 30 హెర్ట్జ్ దగ్గర పెట్టమని అడిగి, అదే ఓపెన్ ఇ, తొమ్మిదో ఫ్రెట్ టెస్ట్ హాల్లో వాయించండి, ఆయన్ని మిక్సర్ దగ్గర నిలబడి వినమనండి. అక్కడ ఎలా వచ్చిందో, పెడల్ మోడల్ ఏంటో, పికప్ ఎత్తు కొలతలు ఎంత వచ్చాయో రాయండి, నాబ్స్ ఎక్కడ పెట్టాలో సరిగ్గా చెప్తాను.